బరోక్ పోర్ట్రెయిట్‌లో వెలుగునీడలు: ఒక తలను మొదటినుంచి చివరిదాకా చిత్రించే పద్ధతి

బరోక్ కాలపు, అంటే ఇంచుమించు 17వ శతాబ్దపు యూరప్‌లో వేసిన, పోర్ట్రెయిట్ ముందు నిలబడినవారు సాధారణంగా ముఖం మీది వెలుగును మెచ్చుకుంటారు. ఆ వెలుగును తామూ తేవాలని కూర్చున్నవారు ముందుగా తెల్లరంగు ట్యూబు మూత తీస్తారు. చాలా చిత్రాలు అక్కడే చెడిపోతాయి. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్, ఇటలీ చిత్రకారుడు కరవాజియో వంటివారి పని క్రమం ఇంచుమించు దీనికి తలకిందులుగా ఉండేది. ముదురు రంగు పూసి ఆరబెట్టిన కాన్వాస్‌తో మొదలుపెట్టడం, నీడ ఎంతమేర ఏ ఆకారంలో ఉండాలో ముందే తేల్చుకోవడం, ఆ నీడను పలచగా వేసి తరువాత దాని జోలికి దాదాపు పోకుండా ఉండటం, చిక్కటి రంగునంతా వెలుగు పడిన కొద్దిపాటి చోటు కోసం దాచిపెట్టుకోవడం అనే ఈ నాలుగు పనులూ కుదిరితే, వెలుగు కోసం విడిగా తాపత్రయపడవలసిన అవసరం పెద్దగా ఉండదు.

ఇక్కడ వివరించే పని ఒక్కటే. కిటికీ పక్కన కూర్చున్న మనిషి తలను, ముఖం ముప్పాతిక వంతు కనిపించేలా, సుమారు 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు గల కాన్వాస్ మీద ఆయిల్ కలర్స్‌తో చిత్రించడం. ఎదుట ఉన్న మనిషిని చూసి తలను సరైన కొలతలతో గీయగలిగినవారిని, ఆయిల్ కలర్స్ కొంతైనా వాడినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఫోటో చూసి వేయడాన్ని మాత్రం సిఫారసు చేయను. ఫోన్ కెమెరా తనంతట తానే నీడలను తేటచేసి, వెలుగును అణచి, రెంటినీ దగ్గరకు లాగుతుంది కాబట్టి, ఈ పద్ధతికి ప్రాణమైన వ్యత్యాసం మన చేతికి వచ్చేసరికే సగం పోయి ఉంటుంది.

1. గది, కిటికీ, దీపం

కరవాజియో, అతని అనుయాయుల పద్ధతి గురించి అతని కాలంలోనే రోమ్‌లో ఉన్న వైద్యుడు జూలియో మంచీనీ రాసిన విషయం నేటికీ పనికొస్తుంది. వెలుగు పైనుంచి, ఒక్క చోటినుంచే రావాలి. గోడలకు నలుపు వేసిన ఒంటి కిటికీ గదిలో మాదిరిగా, అది దేనికీ తగిలి వెనక్కు రాకుండా ఉండాలి. కాబట్టి ముందుగా చేయవలసిన పని అక్కరలేని వెలుగును ఆపడం. గదిలో ఒక్క కిటికీ మినహా మిగిలినవన్నీ మూసి, ఆ ఒక్క కిటికీ కింది సగాన్ని కూడా అట్టముక్కతోనో నల్లగుడ్డతోనో కప్పాలి. తెరిచి ఉంచిన భాగపు అడుగు అంచు, కూర్చున్న మనిషి నడినెత్తి కంటే కొంచెం ఎత్తులో ఉండాలి. డచ్ ఇళ్లలో కిటికీ పై సగానికీ కింది సగానికీ విడివిడిగా తలుపులుండేవి కాబట్టి అక్కడి చిత్రకారులకు ఇది తేలిక పని. మనకు అట్టముక్క తప్పదు.

మన ఇళ్లలో అసలు చిక్కు నేలతో, గోడలతో వస్తుంది. తెల్లటి టైల్స్ మీద పడిన వెలుగు పైకి లేచి గడ్డం కింద, ముక్కు కింద ఉండవలసిన నీడను తినేస్తుంది. లేతరంగు గోడ అవతలి చెంపను వెలిగిస్తుంది. కుర్చీ కింద ముదురు రంగు జంపఖానా పరచి, నీడవైపున మూడు నాలుగు అడుగుల దూరంలో నల్లటి దుప్పటి ఒకటి వేలాడదీస్తే ముఖం వెంటనే రెండు స్పష్టమైన భాగాలుగా విడిపోవడం కనిపిస్తుంది. ముదురు గోధుమరంగు దుప్పటి దొరికితే మరీ మంచిది. నీడ పూర్తిగా చచ్చిపోకుండా కొద్దిపాటి వెచ్చదనం మిగులుతుంది.

నేరుగా ఎండ పడకూడదని చిత్రకళ పుస్తకాలన్నీ ఉత్తరపు కిటికీ కావాలంటాయి. ఆమ్‌స్టర్‌డామ్ సుమారు 52 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి, అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు. హైదరాబాద్ 17 డిగ్రీల దగ్గర ఉండటం వల్ల, మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా జరుగుతాడు. ఉదయం, సాయంత్రం ఎండ అంతకంటే ఎక్కువ నెలలు ఉత్తరపు కిటికీలోకి వస్తుంది. ఆ రోజుల్లో కిటికీకి పలచటి తెల్లగుడ్డ కట్టుకోవాలి, లేదా దీపంతో పని చేయాలి.

దీపమైతే ఒకే ఒక ఎల్‌ఈడీ బల్బు చాలు. రంగులను సరిగా చూపే రకం, అంటే సీఆర్‌ఐ 90కి పైబడినది, 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య ఉన్నది ఎంచుకోవాలి. బల్బును నేరుగా వాడితే నీడల అంచులు కత్తితో కోసినట్టు వస్తాయి, ఇది కరవాజియోకు దగ్గర. రెండడుగుల చట్రానికి బిగించిన తెల్లగుడ్డ గుండా పంపితే అంచులు మెత్తబడి రెంబ్రాంట్‌కు దగ్గరవుతాయి. దీపం ఎంత దూరంలో ఉందన్నది కూడా ముఖ్యమే. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి దీపం నుదుటికి మూడడుగుల దూరంలో, ఒళ్లోని చేతులకు ఆరడుగుల దూరంలో ఉంటే, చేతుల మీద పడే వెలుగు నుదుటి మీది దానిలో పావు వంతే. ముఖం వెలిగి మిగతా దేహం చీకట్లోకి జారిపోయే తీరు చాలావరకు ఈ లెక్క వల్లనే వస్తుంది. ఈజిల్ (కాన్వాస్‌ను నిలబెట్టే చట్రం) మీద పడే వెలుగు కూడా ఇదే రకానిది కావాలి. మనిషి మీద పగటి వెలుగు, కాన్వాస్ మీద పసుపు బల్బు ఉంటే రంగుల నిర్ణయాలన్నీ తప్పుతాయి.

2. మనిషిని కూర్చోబెట్టడం

వెలుగు మనిషికి ఒకవైపు సుమారు 45 డిగ్రీల కోణంలో, పైనుంచి మరో 45 డిగ్రీల కోణంలో పడేలా కుర్చీని పెట్టి, తలను నెమ్మదిగా తిప్పమని అడగాలి. ఒక స్థితిలో ముక్కు నీడ కిందికి, పక్కకు సాగి చెంప నీడను కలుస్తుంది. అప్పుడు నీడవైపు కంటి కింద తిరగేసిన త్రికోణంలా వెలుగు మిగులుతుంది. ఫోటోగ్రాఫర్లు రెంబ్రాంట్ లైటింగ్ అని పిలిచేది దీన్నే. ఆ త్రికోణం కంటికంటే వెడల్పుగా, ముక్కుకంటే పొడవుగా ఉండకపోతే ముఖం బాగా కుదిరినట్టే. కనుగూళ్లు రెండూ నల్లబడిపోతే వెలుగు మరీ ఎత్తులో ఉంది. ముక్కు నీడ కిందికి దిగకుండా అడ్డంగా చెంప మీదికి పోతే మరీ తక్కువ ఎత్తులో ఉంది.

త్రికోణం తప్పనిసరి నియమం మాత్రం కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో రెంబ్రాంట్ 1628 ప్రాంతంలో, ఇరవై రెండేళ్ల వయసులో వేసుకున్న చిన్న స్వీయచిత్రం ఉంది. ఎత్తు 23 సెంటీమీటర్లు కూడా ఉండదు. అందులో వెలుగు అతని కుడి చెంపను రాసుకుంటూ పోతుంది. కళ్లతో సహా ముఖంలో అధికభాగం నీడలోనే ఉండిపోతుంది. ఆ కళ్లు మనల్ని సూటిగా చూస్తున్నాయని గ్రహించడానికే కొంత సేపు పడుతుంది. డబ్బిచ్చి బొమ్మ వేయించుకునేవారు కళ్లు కనబడని చిత్రాన్ని ఒప్పుకోవడం కష్టం. తన ముఖమే కాబట్టి అతను ఆ ప్రయోగం చేయగలిగాడు. మీరూ మొదటి ప్రయత్నం అద్దంలో మీ ముఖం మీదే చేయడం మంచిది.

3. అరచేతంత నమూనాలు

కాన్వాస్ ముట్టుకోకముందే బొగ్గుతో అరచేతంత నమూనాలు మూడో నాలుగో వేసుకోవాలి. ఒక్కొక్క దానిలో మూడే టోన్లు (వెలుగు చీకట్ల స్థాయులు): ముదురు, మధ్యస్థం, లేత. కళ్లు సగం మూసి చూస్తే చిన్న వివరాలు పోయి పెద్ద ఆకారాలు మిగులుతాయి, వాటినే వేయాలి. లేత టోన్ చిత్రవైశాల్యంలో ఐదో వంతు దాటితే బరోక్ గాంభీర్యం పలచబడుతుందని నా అభిప్రాయం. ముఖంలో వెలుగుపడిన వైపు వెనుక గోడ ముదురుగా, నీడవైపు వెనుక గోడ కాస్త లేతగా ఉండేలా చూసుకోవడం ఆ కాలంలో విస్తృతంగా వాడిన ఉపాయం. దానివల్ల గీత గీయకుండానే తల రెండు వైపులా విడివడి కనిపిస్తుంది.

4. కాన్వాస్, రంగులు

తెల్లటి కాన్వాస్ మీద ఏ రంగు వేసినా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, మొదటి గంటలో తీసుకునే నిర్ణయాలన్నీ అటు ఇటు అవుతాయి. పైగా నీడలోని ప్రతి ఖాళీనీ కప్పుకుంటూ పోవాలి. ముదురు గోధుమ గ్రౌండ్ (చిత్రం మొదలుపెట్టకముందే కాన్వాస్‌కు పూసే అడుగు పొర) మీద నీడ సగం తయారై ఉంటుంది. కరవాజియో రోమ్‌లో పరిణతి సాధించిన కాలపు చిత్రాలలో చాలాచోట్ల నీడ అని మనం చూసేది పై పొర వేయకుండా వదిలిన గ్రౌండే. రెంబ్రాంట్ 1642 నాటి ‘నైట్ వాచ్’కు ఇసుక పాలు ఎక్కువగా ఉన్న బంకమన్నును నూనెతో కలిపిన గోధుమరంగు గ్రౌండ్ వాడాడని, తరువాతి చిత్రాలలోనూ దాన్ని కొనసాగించాడని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది.

మనం అంత దూరం పోనక్కరలేదు. దుకాణంలో దొరికే జెస్సో (తెల్లటి అడుగు పూత) పూసిన కాన్వాస్ మీద, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగులో కొంచెం యెల్లో ఓకర్ అనే మట్టి పసుపు కలిపి ఆక్రిలిక్ రంగును సమంగా పూస్తే గంటలో ఆరిపోతుంది. తెలుపును 10, నలుపును 0 అనుకుంటే ఈ గ్రౌండ్ 4 దగ్గర ఉండాలి. ఆక్రిలిక్ మీద ఆయిల్ వేయవచ్చు. ఆయిల్ మీద ఆక్రిలిక్ ఎన్నడూ వేయకూడదు.

రంగులు కొన్నే చాలు: రా అంబర్, బర్న్ట్ సియెన్నా, యెల్లో ఓకర్, లైట్ రెడ్, పర్మనెంట్ అలిజరిన్, ఐవరీ బ్లాక్, తెలుపు. నీలం లేకపోవడం పొరపాటు కాదు. వెచ్చటి గోధుమరంగుల మధ్య నలుపు, తెలుపు కలిపిన బూడిదరంగే కంటికి నీలంగా అనిపిస్తుంది. ఆ కాలంలో తెలుపంటే సీసపు తెలుపు, ఎరుపంటే చాలాచోట్ల పాదరసంతో చేసిన వెర్మిలియన్, రెండూ విషమే. టైటానియం వైట్‌తో పని జరుగుతుంది, అయితే దాని కప్పే బలం ఎక్కువ కాబట్టి కొద్దికొద్దిగా కలపాలి. సీసపు తెలుపే కావాలనుకున్నవారు చేతికి గ్లవ్స్ వేసుకోవాలి, ఆరిన పొరను గరుకు కాగితంతో రుద్దకూడదు, పిల్లలున్న ఇంట్లో దాన్ని ఉంచనే కూడదు. టర్పెంటైన్ వాడేటప్పుడు గాలి ఆడాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని నీళ్లున్న మూత డబ్బాలో వేయాలి.

5. నీడను ఒకే ఆకారంగా వేయడం

రా అంబర్‌ను టర్పెంటైన్‌తో మజ్జిగ తేటంత పలచగా చేసి, సన్నటి బ్రష్‌తో తల కొలతలు గుర్తుపెట్టుకోవాలి. కరవాజియో తడిగా ఉన్న గ్రౌండ్ మీద బ్రష్ పిడితోనో మొనదేలిన పరికరంతోనో గీసుకున్న గుర్తులు కొన్ని చిత్రాలలో ఇప్పటికీ కనిపిస్తాయి. అవి కూడా తల ఎక్కడ, భుజం ఎక్కడ అన్నంతవరకే. గుర్తులు అంతకు మించనక్కరలేదు.

తరువాత గీయవలసినది అతి ముఖ్యమైన గీత, అంటే వెలుగు నీడగా మారే సరిహద్దు. అది నుదుటి పక్కన మొదలై, కనుబొమ ఎముక దగ్గర లోపలికి వంగి, చెంప ఎముక మీదుగా బయటికి వచ్చి, పెదవి చివర లోపలికి నొక్కుకుని, గడ్డం మీదుగా మెడలోకి దిగుతుంది. మనిషి పోలిక కన్నూ ముక్కులో కంటే ఈ గీత వంపుల్లోనే ఎక్కువగా ఉంటుంది. మన చేతికి గీతతో ఆలోచించే అలవాటు పాతది. గోల్కొండ సూక్ష్మచిత్రాలలో ముఖం పక్కనుంచి, పడే నీడ ఊసు లేకుండా, కేవలం రేఖాబలంతో నిలబడుతుంది. డచ్ ఈస్టిండియా కంపెనీకి మచిలీపట్నంలో వర్తక స్థావరం ఉన్న ఆ 17వ శతాబ్దంలోనే గోల్కొండ ప్రముఖుల రూపచిత్రాలు నెదర్లాండ్స్ చేరాయి. రెంబ్రాంట్ స్వయంగా మొఘల్ చిత్రాలను చూసి రేఖాచిత్రాలు వేసుకున్నాడు. ఆ రేఖకు గౌరవమిస్తూనే ఈ పనిలో దాన్ని కాసేపు పక్కన పెట్టాలి. కంటి చుట్టూ, ముక్కు చుట్టూ గీత గీస్తే, తరువాత ఎంత నీడ వేసినా అది గీతలోపల నింపిన రంగుగానే మిగిలిపోతుంది.

సరిహద్దు దొరికాక నీడవైపునంతా, కనుగూడు, చెంప, దవడ, మెడ, జుట్టు అనే భేదం లేకుండా, ఒకే పలచటి రా అంబర్ పొరతో కప్పాలి. జుట్టు నీడ వెనుక చీకట్లో కలిసిపోతుంటే కలవనివ్వాలి. వెలుగుపడే చోట గ్రౌండ్ కొంచెం తేటపడేలా పొడిగుడ్డతో తుడవాలి. ఇప్పుడు పదడుగులు వెనక్కు జరిగి, చిత్రాన్ని అద్దంలో చూడాలి. మనిషి ఎవరో ఈ దశలోనే గుర్తుపట్టగలిగి ఉండాలి. గుర్తు రాకపోతే సరిహద్దును సరిచేయాలి. కన్నూ ముక్కూ వేసి సరిదిద్దుదామని ముందుకు పోతే ఆ తప్పు చివరిదాకా వెంటే వస్తుంది.

ఈ పొరలో ఐవరీ బ్లాక్ వాడకూడదు. అంబర్‌లో ఉండే మాంగనీసు నూనెను త్వరగా ఆరనిస్తుంది, పలచటి పొర ఒకటి రెండు రోజుల్లో గట్టిపడుతుంది. ఐవరీ బ్లాక్‌కు నూనె ఎక్కువ పడుతుంది, ఆరడం ఆలస్యం, దాని మీద త్వరగా ఆరే పొర వేస్తే పగుళ్లు వస్తాయి.

6. వెలుగును పేర్చడం

కింది పొర ఆరిన తరువాత ట్యూబులోంచి వచ్చిన చిక్కదనంతోనే, నూనె దాదాపు కలపకుండా, గట్టి పందివెంట్రుకల బ్రష్‌తో వెలుగువైపు మొదలుపెట్టాలి. ముందుగా ముఖంలో ఏ తలం వెలుగుకు ఎదురుగా ఉందో చూడాలి. సాధారణంగా నుదుటి పైభాగం, ఆ తరువాత చెంప ఎముక పైభాగం, ముక్కు దూలం. పై పెదవి, గడ్డం వెలుగుకు దూరం కాబట్టి వాటి స్థాయి తక్కువ. నుదుటి మీద వేసే అత్యంత లేత రంగు కూడా మన కొలతలో 8 దాటకూడదు. ఆ పైనున్న రెండు మెట్లు చివరి తళుకుల కోసం, కాలర్ కోసం దాచుకోవాలి. ఒంటి దీపపు వెలుగులో నుదుటికీ గడ్డానికీ మధ్య ఒక మెట్టు తేడా ఉండటం సహజం. ఆ తేడా చూపకపోతే ముఖం కింది భాగం చిత్రంలోంచి బయటికి పొడుచుకొస్తుంది.

రంగు విషయంలో, నుదురు కొంత పసుపుగా, చెంపలు, ముక్కు, చెవులు కొంత ఎర్రగా, దవడ ప్రాంతం కొంత బూడిదగా మొదలుపెడితే సరిపోతుంది. ఇక్కడ చామనఛాయ, నలుపు ఛాయ ముఖాల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే యూరోపియన్ చిత్రాలను చూసి నేర్చుకునేవారు అక్కడి గులాబి మిశ్రమాన్నే ఇక్కడి ముఖాల మీద ముదురు చేసి పూస్తుంటారు. దీనికి సరైన గురువు స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1650లో రోమ్‌లో వేసిన హువాన్ దె పరేహా చిత్రం, ఇప్పుడు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. పరేహా అప్పటికి వెలాస్కెజ్‌కు బానిసగా ఉన్న సహాయకుడు, తరువాత స్వయంగా చిత్రకారుడు. ఆ గోధుమవర్ణపు ముఖంలో మధ్యస్థాయి టోన్ ముదురుగా, ఎరుపు గోధుమగా ఉంటుంది. నుదుటి మీది మెరుపు మాత్రం చల్లగా, చిన్నగా, దాని పక్కనున్న చర్మం కంటే చాలా ఎత్తున నిలుస్తుంది. కింద తెల్లటి లేసు కాలర్ ఉండటంతో చర్మపు రంగు మరింత నిండుగా కనిపిస్తుంది. ముదురు ఛాయ ముఖానికి వెలుగును చూపేది ఎక్కువగా ఈ మెరుపులే కాబట్టి, ఆధారపు మిశ్రమంగా బర్న్ట్ సియెన్నా, యెల్లో ఓకర్, కొంచెం రా అంబర్ తీసుకుని, తెలుపును చాలా తక్కువగా, మెరుపుల దగ్గరే వాడాలి. మధ్యస్థాయి టోన్లలో తెలుపు కలిస్తే చర్మం బూడిద పూసినట్టవుతుంది.

7. మధ్యస్థాయి టోన్లు

పని అంతటిలోకీ కష్టమైనది, అదే సమయంలో అత్యంత ఆనందాన్నిచ్చేది వెలుగు నీడలోకి దిగే ఆ అంగుళం వెడల్పు పట్టీ. కొత్తవారు రెండు రంగులూ ఎదురెదురుగా పూసి, మెత్తటి బ్రష్‌తో అటూ ఇటూ రుద్ది కలిపేస్తారు, ఫలితం బురదరంగు. దీన్ని అర్థం చేసుకోవడానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. విడి కాన్వాస్ ముక్క మీద రా అంబర్ పట్టీ వేసి ఆరనిచ్చి, దాని మీద లేత చర్మపు రంగును పొడి బ్రష్‌తో చిక్కగా మొదలుపెట్టి, పోనుపోను పలచబడేలా ఈడ్వాలి. చిక్కగా ఉన్నచోట అది మనం కలిపిన వెచ్చటి రంగే. పలచబడి కింది ముదురుదనం తొంగిచూసే చోట అదే రంగు చల్లటి, నీలం కలిసిన బూడిదగా మారుతుంది. రంగులోని సూక్ష్మకణాలు వెలుగులోని నీలపు భాగాన్ని ఎక్కువగా చెదరగొట్టడం దీనికి కారణం. వెలుగునీడలు కలిసే చోట, మీసం కట్టు దగ్గర, కంటి మూలల్లో మనుషుల చర్మం సరిగ్గా ఇలాగే చల్లబడుతుంది. విడిగా ఏ మిశ్రమమూ చేయకుండానే, ముదురు గ్రౌండ్ ఆ పని చేసిపెడుతుంది.

ఇప్పుడు ముఖం మీద అదే చేయాలి. వెలుగువైపు రంగును సరిహద్దుకు పావు అంగుళం ముందే ఆపి, బ్రష్ మీద మిగిలిన రంగుతో, దాదాపు బరువు వేయకుండా, సరిహద్దు వైపు ఈడ్వాలి. బ్రష్ నుదుటి గుండ్రదనాన్ని అనుసరించి కదలాలి. మధ్యలో గ్రౌండ్ చుక్కలుగా కనిపిస్తే కనిపించనివ్వాలి. ఒకసారి ఈడ్చినచోట వెంటనే మరోసారి తాకకూడదు. నచ్చకపోతే గుడ్డతో తుడిచి మళ్లీ వేయడం మేలు. నీడవైపు నుంచి వెలుగులోకి ముదురు రంగును లాగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఎందుకంటే అంబర్ కలిసిన తెలుపు సుద్దగా, నిర్జీవంగా మారుతుంది, దాన్ని తరువాత ఏ గ్లేజూ (ఆరిన రంగు మీద పూసే పారదర్శకమైన పలచటి పొర) కాపాడలేదు.

8. నీడలోకి తిరిగొచ్చే వెలుగు

దవడ కింద, చెవి వెనుక, కనుగూటిలో కాస్త వెలుగు తిరిగి వచ్చి చేరుతుంది. లండన్ నేషనల్ గ్యాలరీలో ఫ్లాండర్స్ (నేటి బెల్జియం ప్రాంతం) చిత్రకారుడు రూబెన్స్ 1620ల మొదటి భాగంలో వేసిన సుజానా లుండెన్ చిత్రం చూడవలసినది. వెడల్పాటి టోపీ అంచు నీడ ముఖం పైభాగం మీద పడినా, కింది నుంచి ఎగసిన వెలుగు ఆ నీడను లోపలినుంచి వెలిగిస్తుంది. రూబెన్స్‌కు ఈ స్వేచ్ఛ ఉంది, మనకు ఇంకా లేదు. మొదటి చిత్రాలలో తిరిగొచ్చిన వెలుగు ఎంత ప్రకాశంగా కనిపించినా, వెలుగువైపున ఉన్న అతి ముదురు టోన్ కంటే ముదురుగానే వేయాలి. కళ్లు సగం మూసి చూసినప్పుడు అది నీడలో మాయమైపోతే సరిగా ఉన్నట్టు. దాన్ని వేయడానికి తెలుపు వాడకుండా, బర్న్ట్ సియెన్నాను పలచగా ఒకసారి రుద్దితే చాలు. నీడ వెచ్చబడుతుంది, అలాగని తేలిపోదు.

9. అంచులు

ఒక వస్తువు వేరొకదాని మీద పడవేసే నీడకు, గుండ్రటి తలం వెలుగు నుంచి తిరిగిపోవడం వల్ల వచ్చే నీడకు అంచులు వేరుగా ఉంటాయి. ముక్కు నీడ, కాలర్ మీద గడ్డం నీడ మొదటి రకం: అవి పుట్టినచోట పదునుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా ఉంటాయి. చెంప మలుపు, నుదుటి మలుపు రెండో రకం: అవి అంతటా మెత్తగానే ఉంటాయి. ముక్కుపుటం పక్కన ఒక్క పదునైన అంచు, నీడవైపు జుట్టుకూ వెనుక చీకటికీ మధ్య ఏ అంచూ లేకపోవడం అనే ఈ రెండూ ఒకే తలలో ఉంటే చూపు ఎక్కడ ఆగాలో దానికే తెలుస్తుంది. పైన చెప్పిన 1628 నాటి స్వీయచిత్రంలో రెంబ్రాంట్ జుట్టు ఉంగరాలను తడి రంగులో బ్రష్ పిడితో గీకి చూపాడు; నీడ లోపల అతను అంత పదునుగా చేసిన పని అదొక్కటే అనిపిస్తుంది.

10. గ్లేజ్, ఆ తరువాత తళుకులు

వెలుగువైపు పొర చేతికి అంటకుండా ఆరాక, అంటే వాతావరణాన్ని బట్టి వారం పది రోజులకు, గ్లేజ్ మొదలుపెట్టవచ్చు. వానాకాలపు తేమలో ఇంకా ఆలస్యమవుతుంది. అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి, అందులో పర్మనెంట్ అలిజరిన్, బర్న్ట్ సియెన్నా కొంచెం వేసి చెంప, చెవి, పెదవి మీద పూసి, వేలితో దాదాపు తుడిచేయాలి. నీడ ఇంకా లోతు కావాలంటే రా అంబర్‌లో కొద్దిగా ఐవరీ బ్లాక్ కలిపిన గ్లేజ్ ఒక్కటి, కనుగూడు నుంచి మెడదాకా ఆగకుండా వేయాలి. పై పొరలో నూనె పాలు కింది పొర కంటే ఎక్కువ ఉండాలన్న నియమం ఇక్కడ కూడా పాటించాలి. మొత్తం మీద గ్లేజ్‌లు రెండు దాటనక్కరలేదు. బరోక్ చిత్రం పదుల కొద్దీ గ్లేజ్‌లతో తయారైందన్న ప్రచారం నన్ను ఎప్పుడూ ఒప్పించలేదు. రెంబ్రాంట్ చిత్రాల ముందు నిలబడితే కనిపించేది నేరుగా వేసిన చిక్కటి రంగు.

తళుకులు చివర వేయాలి. నుదుటి మీద ఒకటి, ముక్కు కొన దగ్గర ఒకటి, కింది కనురెప్ప తడి మీద చుక్కంత, కంటిపాప మీద వెలుగు వచ్చిన వైపు పైన ఒకటి. రంగు చిక్కగా, బ్రష్ నుంచి కాన్వాస్‌కు ఒక్క తాకుతో దిగాలి. ఉబ్బెత్తుగా నిలిచిన ఆ రంగు ముద్ద గదిలోని అసలు వెలుగును కూడా పట్టుకుంటుంది కాబట్టి, చదునుగా వేసిన అదే రంగు కంటే ప్రకాశంగా కనిపిస్తుంది. నీడవైపు కంటిలో తళుకు పెట్టాలన్న ఆశ చాలా బలంగా ఉంటుంది. పెట్టినా దాన్ని బూడిదరంగుతోనే పెట్టాలి.

11. కాలర్, దుస్తులు, వెనుక గోడ

కాలర్ తెల్లగా ఉన్నా దానిలో నీడవైపు సగం బూడిదరంగే. దుస్తులను ముఖం కంటే పలచగా, పెద్ద బ్రష్‌తో త్వరగా వేయాలి. లండన్ కెన్‌వుడ్ హౌస్‌లోని, 1665 ప్రాంతపు రెంబ్రాంట్ స్వీయచిత్రంలో చేయి, పాలెట్, బ్రష్‌లు కొన్ని గీతల్లో తేలిపోతాయి. తల మాత్రం బరువుగా నిలుస్తుంది. వెనుక గోడను ఒకే ముదురు రంగుతో నింపితే అది గోడలా కాక మూసిన తలుపులా మీదికి వస్తుంది. రా అంబర్, నలుపు, కొంచెం తెలుపు కలిపి, మూలల్లో గ్రౌండ్ కనిపించేంత పలచగా, నీడవైపు భుజం వెనుక కాస్త లేతగా రుద్దాలి.

12. ఆరడం, వార్నిష్, గోడ

ఆరిన అంబర్ నీడలు కొన్నిచోట్ల నూనె ఇంకిపోయి వెలవెలబోతాయి. కంగారుపడి ఆ చోట్ల మళ్లీ నలుపు వేయకూడదు. పలచటి నూనెను వేలితో రుద్ది, మిగిలినదాన్ని తుడిచేసి చూస్తే అసలు లోతు తిరిగి వస్తుంది. ఆ తరువాతే సరిచేయాలో వద్దో నిర్ణయించాలి. పూర్తి వార్నిష్ మాత్రం కనీసం ఆరు నెలలు ఆగి, తళుకుల దగ్గరి మందమైన రంగు గోటికి మెత్తగా తగలడం లేదని చూసుకున్నాకే వేయాలి. వార్నిష్ పడ్డాక నీడలు మరో అరమెట్టు ముదురుతాయి, కాబట్టి నీడలో కనిపించాలనుకున్న కన్నును ముందునుంచే కాస్త తేటగా ఉంచుకోవడం మంచిది.

వేలాడదీసేటప్పుడు చిత్రంలో వెలుగు ఏ వైపునుంచి వస్తోందో గదిలో కిటికీ కూడా ఆ వైపే ఉండేలా గోడను ఎంచుకోవాలి. రోమ్‌లోని సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చిలో, 1599–1600లో వేసిన సెయింట్ మాథ్యూ పిలుపు చిత్రంలో కరవాజియో వెలుగును కుడివైపునుంచి రప్పించాడు. ఆ ప్రార్థనా మందిరపు అసలు కిటికీ ఉన్నది కూడా ఆ దిక్కునే. గాజు బిగించిన ఫ్రేమ్ వద్దు, ముదురు చిత్రం మీద గాజు ఉంటే చూసేవారి ముఖమే కనిపిస్తుంది. పైన ఒక చిన్న స్పాట్ లైట్ పెట్టదలిస్తే, ఉబ్బెత్తు తళుకుల నీడలు చిత్రంలోని నీడల వైపే పడేలా దాన్ని ఒక పక్కకు జరిపి బిగించాలి.